జబ్బు ఉందని బోర్డే రాసింది, మరి పెన్షన్ ఎందుకు రాదు? సైనికుల డిజెబిలిటీ పెన్షన్ అప్పీళ్లలో అసలు చిక్కు

"నాకు బీపీ ఉందని రాసింది ఆర్మీ డాక్టర్లే. ముప్పై శాతం అని లెక్క కట్టిందీ వాళ్లే. మళ్లీ పెన్షన్ దగ్గరికి వచ్చేసరికి లేదు పొమ్మంటే ఎలా?"

ఆర్మీలో పదిహేడు, ఇరవై ఏళ్లు చేసి ఊరికొచ్చినవాళ్ల నోట ఈ ప్రశ్న నేను చాలాసార్లు విన్నాను. మా పెదనాన్న హవల్దారుగా రిటైరై వచ్చినప్పుడు ఆయన కాగితాలు చదివిపెట్టింది నేనే, అప్పటి నుంచి మా చుట్టుపక్కల ఎవరికి రిజెక్షన్ లెటర్ వచ్చినా నా దగ్గరికి తెస్తుంటారు. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లు మనకున్నాయి, అక్కడ ఇంటింటికీ ఓ సైనికుడు కనిపిస్తాడు. రాయలసీమలో, ప్రకాశంలో, ఉత్తరాంధ్రలో కూడా సైన్యానికి పిల్లల్ని పంపిన కుటుంబాలకు లెక్కలేదు. అయినా ఈ పెన్షన్ ఎలా నిర్ణయిస్తారో తెలుగులో విడమరిచి చెప్పినవాళ్లు తక్కువ. 2023లో కొత్త నియమాలు రావడం, 2025లో సుప్రీంకోర్టు, ఢిల్లీ హైకోర్టు వరుసగా తీర్పులివ్వడంతో గందరగోళం ఇంకా పెరిగింది. ఒకరికి వచ్చింది, అదే జబ్బున్న పక్కింటాయనకు రాలేదు. ఎందుకంటే చెప్పేవాళ్లు లేరు.

ముందే ఒక మాట. ఈ కేసుల్లో మనిషికి జబ్బు ఉందా లేదా అన్న గొడవ దాదాపుగా ఉండదు. ఆ జబ్బుకీ సర్వీసుకీ సంబంధం ఉందా, ఆ సంబంధం ఉందని ఎవరు చూపించాలి, లేదని ఎవరు చూపించాలి, గొడవంతా దీని మీదే. ఇది పట్టుబడితే మిగతా తీర్పులు, నియమాలు వాటంతటవే అర్థమవుతాయి.

పెన్షన్‌లో రెండు ముక్కలు, దానికి రెండు షరతులు

డిజెబిలిటీ పెన్షన్ అని అందరం ఒకే మాటగా అంటాం గానీ అందులో రెండు భాగాలుంటాయి. ఒకటి సర్వీస్ ఎలిమెంట్, అంటే చేసిన నౌకరీకి వచ్చేది. రెండోది డిజెబిలిటీ ఎలిమెంట్, అంటే ఒంటికి జరిగిన నష్టానికి వచ్చేది. పూర్తి సర్వీసు చేసి పెన్షన్‌తో వచ్చినవాడికి మొదటిది ఎలాగూ వస్తుంది కాబట్టి అతను పోరాడేది రెండోదాని కోసమే. సర్వీసు మధ్యలో జబ్బు చేసి బోర్డ్ అవుట్ అయినవాడికి, అంటే మెడికల్ బోర్డు పనికిరాడంటే పంపించేసినవాడికి మాత్రం రెండూ జబ్బుకీ సర్వీసుకీ సంబంధం తేలడం మీదే ఆధారపడొచ్చు, కాబట్టి అతని పరిస్థితి ఇంకా కష్టం.

రెండు షరతులు చాలాకాలంగా ఉన్నవే. 1961 నాటి ఆర్మీ పెన్షన్ రెగ్యులేషన్లలో 173వ పేరా ఇదే చెప్పింది. ఒకటి, ఆ వైకల్యం సైనిక సేవ వల్ల వచ్చి ఉండాలి, లేదా సేవ వల్ల ముదిరి ఉండాలి. రెండు, అది కనీసం 20 శాతం ఉండాలి. ఈ శాతం లెక్కకట్టేది, సంబంధం గురించి అభిప్రాయం రాసేది మెడికల్ బోర్డు. రిటైరయ్యే ముందు జరిగేదాన్ని రిలీజ్ మెడికల్ బోర్డు అంటారు, జబ్బు వల్ల మధ్యలోనే పంపించేసేటప్పుడు జరిగేదాన్ని ఇన్‌వాలిడింగ్ మెడికల్ బోర్డు అంటారు.

"వచ్చింది" వేరు, "ముదిరింది" వేరు

కాగితాల్లో కనిపించే రెండు మాటలు ఆట్రిబ్యూటబుల్, ఆగ్రవేటెడ్. మొదటిదానికి అర్థం సర్వీసు వల్లే వచ్చిందని. బోర్డర్‌లో పెట్రోలింగ్‌కి వెళ్లి లోయలో పడి కాలు విరిగితే అది సర్వీసు వల్ల వచ్చిందే, ఇందులో వాదనకు పెద్దగా చోటు లేదు. రెండోదానికి అర్థం, జబ్బుకి మూలం ఇంకెక్కడో ఉన్నా సర్వీసు పరిస్థితులు దాన్ని ఎక్కువ చేశాయని. ఒకాయనకు బీపీ వచ్చే తత్వం పుట్టుకతోనే ఉందనుకుందాం, పదిహేను వేల అడుగుల ఎత్తులో రెండేళ్లు నిద్ర సరిగ్గా లేకుండా కాపలా కాశాక అది బయటపడి ముదిరితే రెండో మాట వర్తిస్తుంది. పెన్షన్‌కి ఈ రెండిట్లో ఏదో ఒకటి చాలు. ఇది చాలామందికి తెలియదు, సర్వీసు వల్లే వచ్చిందని నిరూపించాలేమోనని దిగులుపడిపోతుంటారు.

ఈ రెండూ కాదని బోర్డు రాస్తే "నీదర్ ఆట్రిబ్యూటబుల్ నార్ ఆగ్రవేటెడ్" అన్న ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి "నానా" అంటారు. రిజెక్షన్ లెటర్లలో ఎక్కువగా కనబడేది ఇదే. దాని పక్కన ఒకే ఒక్క లైను కారణం ఉంటుంది, "కాన్‌స్టిట్యూషనల్ డిసీజ్, సర్వీసుతో సంబంధం లేదు" అని. మా పెదనాన్న ఫైల్లోనూ సరిగ్గా ఆ లైనే ఉంది. ఆయన శరీర తత్వమే అంత, మా తప్పేమీ లేదు అన్నట్టు. ఇరవై ఏళ్ల వయసులో పరీక్ష చేసి ఫిట్ అని తీసుకున్న అదే శరీరం, ముప్పై ఎనిమిదేళ్లకి ఎందుకు అలా అయిందో మాత్రం ఆ లైను చెప్పదు. కోర్టులు పట్టుకున్నది కూడా సరిగ్గా ఇక్కడే.

ఆ ఫారంలో ఏముంటుంది

బోర్డు నింపే ఫారం పేరు ఏఎఫ్‌ఎమ్‌ఎస్‌ఎఫ్-16. దాంట్లో మొదటి భాగం సైనికుడే చెప్పుకునేది. ఎక్కడెక్కడ పని చేశాడు, అది ఫీల్డా (బోర్డర్ లాంటి చోటు) పీసా (మామూలు కంటోన్మెంటు), జబ్బు ఎప్పుడు ఎక్కడ మొదలైంది, చేరకముందే ఉండేదా, అన్నీ రాయాలి. తర్వాతి భాగంలో కమాండింగ్ ఆఫీసర్ చెప్పాలి, అతని డ్యూటీలో తీవ్రమైన ఒత్తిడి, శ్రమ ఉన్నాయా లేవా అని. ఆ తర్వాత డాక్టర్ల అభిప్రాయం, దానికి కారణం, చివర్లో శాతం. గాయమైతే దీనికి తోడు ఇంజురీ రిపోర్టు ఉంటుంది, అవసరమైతే కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ, అంటే సైన్యం లోపల జరిపే విచారణ కాగితాలు ఉంటాయి.

రిటైరయ్యే రోజుల్లో ఊరికి వెళ్లిపోవాలన్న తొందరలో ఈ ఫారం మీద సంతకం పెట్టి మర్చిపోయేవాళ్లే ఎక్కువ. పదేళ్ల తర్వాత ట్రిబ్యునల్‌లో జడ్జి ముందు తెరుచుకునేది మాత్రం ఈ నాలుగు పేజీలే.

1985లో చేరిన ఒక సిపాయి, 2013 నాటి తీర్పు

ధరమ్‌వీర్ సింగ్ అనే సిపాయి 1985లో సిగ్నల్స్ కోర్‌లో చేరాడు. తొమ్మిదేళ్లు పనిచేశాక ఫిట్స్ వచ్చాయని 1994లో పంపించేశారు. 20 శాతం వైకల్యం అని రాశారు, సర్వీసుతో సంబంధం లేదనీ రాశారు. కేసు నడిచి నడిచి 2013 జులైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇవాళ్టికీ ఈ విషయంలో ఏ వాదనైనా మొదలయ్యేది ఈ తీర్పుతోనే.

కోర్టు కొత్తగా ఏదో కనిపెట్టలేదు, ఈ పెన్షన్‌కి ఎవరు అర్హులో తేల్చే 1982 నాటి నియమాలు ఏం చెబుతున్నాయో చదివి చూపించింది. చేరేటప్పటి పరీక్షలో జబ్బు ఉందని రాసిపెట్టకపోతే ఆ మనిషి ఆరోగ్యంగానే చేరాడని అనుకోవాలి. తర్వాత ఆరోగ్యం చెడి బయటికొస్తే అది సర్వీసు వల్లే అయి ఉంటుందని భావించాలి. నిరూపించే బాధ్యత సైనికుడిది కాదు, అనుమానం మిగిలితే దాని లాభం అతనికే. చేరేటప్పుడు ఆ జబ్బు పరీక్షలో దొరికే రకం కాదని డాక్టర్లు అనుకుంటే అనొచ్చు, కానీ ఎందుకు దొరకదో కారణం రాయాలి. ధరమ్‌వీర్ కేసులో బోర్డు ఆ కారణం రాయలేదు. అంతే, పెన్షన్ ఇవ్వమంది.

మరో మాట కూడా ఆ తీర్పుతో అందరికీ తెలిసొచ్చింది. సైనిక వైద్య సేవల రెగ్యులేషన్లలో 423వ పేరా ప్రకారం జబ్బు ఫీల్డ్ ఏరియాలో వచ్చిందా, పీస్ స్టేషన్‌లో వచ్చిందా అన్నది ముఖ్యం కాదు. సర్వీసు పరిస్థితులతో దానికి లంకె ఉందా అన్నదే చూడాలి. బీపీ, షుగర్ కేసులన్నిటికీ ఇదే ఆయువుపట్టు.

అయితే ప్రతి కేసూ గెలిచినట్టేనా?

కాదు. నాకు తెలిసినవాళ్లు చాలామంది ధరమ్‌వీర్ తీర్పు జిరాక్స్ తీయించుకుని ఇక పెన్షన్ వచ్చేసినట్టే అనుకున్నారు. ఈ కథకి రెండో వైపు కూడా ఉంది, దాన్ని కొట్టిపారేయడానికి లేదు.

2019లో నర్సింగ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు సైనికుడికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. అతను 2003లో చేరి 2007లో స్కిజోఫ్రీనియాతో బయటికొచ్చాడు. కొన్ని మానసిక వ్యాధులు మధ్యమధ్యలో తగ్గినట్టు ఉంటాయి, చేరేనాటి మామూలు పరీక్షలో బయటపడకపోవచ్చు, కాబట్టి రికార్డులో రాయలేదన్న ఒక్క కారణంతో సర్వీసు వల్లే వచ్చిందని గుడ్డిగా అనలేం అంది కోర్టు. అంతకుముందు 2009లో దామోదరన్ కేసులో కూడా నిపుణులైన డాక్టర్ల బోర్డు అభిప్రాయానికే పెద్దపీట వేయాలంది. ఇది అన్యాయమైన వాదన అని నేను అనలేను. జబ్బు గురించి జడ్జి కంటే డాక్టరుకే ఎక్కువ తెలుసు కదా.

మరి అదే స్కిజోఫ్రీనియాతో రాజుమోన్ అనే సైనికుడు 2025 మేలో సుప్రీంకోర్టులో ఎలా గెలిచాడు? పైపైన చూస్తే రెండు తీర్పులూ కొట్టుకుంటున్నట్టే ఉంటుంది. ఇక్కడ కోర్టు చూసింది బోర్డు కాగితాన్ని. ఆ కాగితంలో అభిప్రాయం ఉంది, దాన్ని నిలబెట్టే కారణాలు లేవు. కారణం చెప్పని బోర్డు అభిప్రాయాన్ని పట్టుకుని ఒక మనిషిని సర్వీసు నుంచి పంపించి, పెన్షన్ కూడా ఆపడం చెల్లదంది. అంటే జబ్బు పేరుని బట్టి కేసు తేలదు, బోర్డు ఎంత బాధ్యతగా కారణం రాసిందన్నదాన్ని బట్టి చాలావరకు తేలుతుంది. అదే ఏడాది ఏప్రిల్‌లో బిజేందర్ సింగ్ కేసు వచ్చింది. సియాచిన్‌కి పంపిన సైనికుడు, ఫిట్స్ వచ్చాయి, 1989లో డిశ్చార్జ్ చేశారు. అతనికి జీవితాంతం 50 శాతం లెక్కన ఇవ్వమని కోర్టు చెప్పేసరికి 2025 వచ్చింది. ముప్పై ఆరేళ్లు. ఈ ఒక్క సంఖ్య దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను.

బీపీ, షుగర్ సంగతి: అసలు రగడ ఇక్కడే

తూటా తగిలినవాడి విషయంలో ఎవరికీ రెండో అభిప్రాయం లేదు. బీపీ, షుగర్ దగ్గరే ప్రభుత్వానికీ మాజీ సైనికులకీ మాట కలవడం లేదు. ఇద్దరి వాదనా వినాలి.

ప్రభుత్వం వైపు మాట ఇదీ. ఇవి బయట సమాజంలో కూడా కోట్లమందికి వస్తున్న జబ్బులు. తిండి, బరువు, వంశం ఇవన్నీ కారణాలే. బెంగళూరులోనో పుణేలోనో ఆఫీసు పోస్టింగ్‌లో ఉన్నప్పుడు షుగర్ వస్తే దాన్ని సైన్యం ఖాతాలో ఎలా వేస్తాం? 2023లో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక కూడా దీన్ని ఎత్తిచూపింది. 2015-16 నుంచి 2019-20 వరకు రిటైరైన అధికారుల్లో 36 నుంచి 40 శాతం మంది, మిగతా ర్యాంకుల్లో 15 నుంచి 18 శాతం మంది డిజెబిలిటీ పెన్షన్‌తో వెళ్లారని, అందులో జీవనశైలి జబ్బుల వాటా పెద్దదని చెప్పింది. అధికారులకీ జవాన్లకీ మధ్య ఇంత తేడా ఎందుకన్నది నిజంగా అడగాల్సిన ప్రశ్నే. జవాను కంటే అధికారి ఆరోగ్యం రెండింతలు పాడవుతుందని నమ్మడం కష్టం. వయసు తేడా కొంత కారణం కావచ్చు, అధికారులు ఎక్కువ వయసులో రిటైరవుతారు. కాగితాలు ఎలా నింపాలో ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదన్నది కూడా ఇందులో కలిసే ఉంటుందని నా అనుమానం.

మాజీ సైనికుల మాట మరోలా ఉంటుంది. పీస్ స్టేషన్ అంటే ఇంటి దగ్గర ఉద్యోగం కాదు. పెళ్లాం పిల్లలు ఒక చోట, తను ఒక చోట. ఏ అర్ధరాత్రి పిలుపొచ్చినా వెళ్లాలి. సెలవు చేతిలో ఉండదు. బోర్డర్ నుంచి వచ్చిన ఆరు నెలలకి బీపీ బయటపడితే అది పీస్‌లో వచ్చిందని రాసేస్తారు, అంతకుముందు మూడేళ్లు ఎక్కడున్నాడో చూడరు.

2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు షుగర్ కేసులో చెప్పింది వింటే చిక్కు కాస్త విడుతుంది. 1982 నియమాల స్థానంలో వచ్చిన 2008 నియమాల్లో పాత భావన, అంటే సర్వీసులో వచ్చింది కాబట్టి సర్వీసు వల్లే అనుకోవడం, తీసేసిన మాట నిజమే. అయినా సంబంధం లేదని కారణాలతో చూపించాల్సిన బాధ్యత మాత్రం బోర్డు మీదే ఉందంది. జీవనశైలి జబ్బు అనో, పీస్ స్టేషన్‌లో మొదలైందనో ఒక మాట రాసి ఊరుకుంటే అది కారణం కాదంది. ఈ మనిషి విషయంలో ఏమిటి కారణమో రాయాలి. జాగ్రత్తగా గమనించండి, షుగర్ ఉన్న ప్రతివాడికీ పెన్షన్ ఇమ్మని కోర్టు అనలేదు.

సెలవులో జరిగిన ప్రమాదం: ఇద్దరు హవల్దార్ల ఉదాహరణ

ఇది ఊహించి చెబుతున్న ఉదాహరణ. ఒక హవల్దారు జమ్మూ నుంచి సెలవు మీద బయల్దేరి విజయవాడ స్టేషన్‌లో రైలు దిగబోతూ జారిపడి చెయ్యి పోగొట్టుకున్నాడు. ఇంకొకాయన ఊరికొచ్చి పది రోజులైంది, సంతకి స్కూటర్ మీద వెళ్తుంటే లారీ గుద్దింది, కాలు పోయింది. ఇద్దరూ సెలవులోనే ఉన్నారు, ఇద్దరికీ నష్టం ఒకటే.

మొదటాయన కేసు బలంగా ఉంటుంది. డ్యూటీ చోటు నుంచి ఇంటికి, ఇంటి నుంచి డ్యూటీకి చేసే ప్రయాణాన్ని డ్యూటీ కిందే చూడాలని నియమాల్లో ఉంది. సొంత డబ్బుతో ప్రయాణం చేసినా అది వర్తిస్తుందని మదన్ సింగ్ షెకావత్ కేసులో 1999లోనే సుప్రీంకోర్టు చెప్పింది. రెండో ఆయనకు కష్టం. సెలవులో ఉన్నవాడు సాంకేతికంగా డ్యూటీలో ఉన్నట్టే అయినా, జరిగిన ప్రమాదానికీ సైనిక సేవకీ ఏదో ఒక లంకె కనబడాలని 2011లో జుఝార్ సింగ్ కేసులో, మళ్లీ 2019లో ధరంబీర్ సింగ్ కేసులో కోర్టు స్పష్టంగా అంది. పేరు దగ్గరగా ఉందని ఈయన్నీ పైన చెప్పిన ధరమ్‌వీర్ సింగ్‌నీ కలిపేయొద్దు, ఇద్దరూ వేరు, తీర్పులూ వేరు.

19కీ 20కీ మధ్య ఎంత తేడా

ఇప్పుడు డబ్బు లెక్క. 100 శాతం వైకల్యం ఉంటే డిజెబిలిటీ ఎలిమెంట్ చివరి జీతంలో 30 శాతం. తక్కువ వైకల్యానికి ఆ మేరకు తగ్గుతుంది. చివరి జీతం 50,000 అనుకుందాం. 100 శాతానికి 15,000 అవుతుంది, 30 శాతం వైకల్యానికి నెలకు 4,500. దీని మీద డీఆర్, అంటే పెన్షనర్లకిచ్చే కరువు భత్యం, అదనం.

ఇక్కడ రౌండింగ్ అనే మెలిక ఉంది, దీన్నే బ్రాడ్ బ్యాండింగ్ అని కూడా అంటారు. 2001 జనవరి 31 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం 50 కంటే తక్కువ ఉంటే 50గా, 50 నుంచి 75 వరకు ఉంటే 75గా, 76 నుంచి పైన ఉంటే 100గా లెక్కేయాలి. అప్పుడు అదే హవల్దారుకు 4,500 బదులు 7,500 వస్తుంది. నెలకు 3,000, ఏడాదికి 36,000 తేడా. మొదట్లో ఈ లాభం జబ్బు చేసి మధ్యలో బయటికొచ్చినవాళ్లకే ఇచ్చారు, పూర్తి సర్వీసు చేసినవాళ్లకు లేదన్నారు. 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు వాళ్లకూ ఇవ్వాల్సిందే అంది. పాత పెన్షనర్లలో చాలామంది వేసిన కేసులు ఈ రౌండింగ్ కోసమే, జబ్బుకీ సర్వీసుకీ సంబంధం ఉందని వాళ్ల విషయంలో ఎప్పుడో ఒప్పుకున్నారు.

ఇప్పుడు 19, 20 సంగతి చూడండి. పూర్తి సర్వీసు చేసి వచ్చినవాడికి 20 శాతం ఉంటే అది 50 అయి నెలకు 7,500 వస్తుంది. 19 రాస్తే సున్నా. ఒక్క అంకె తేడాతో. అందుకే శాతం మీద కూడా అప్పీళ్లు ఉంటాయి. జబ్బు వల్ల మధ్యలో పంపించేసినవాడి విషయంలో మాత్రం 2014లో సుఖ్విందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మరో దారి చూపింది. ఉద్యోగం చేయలేడని సైన్యమే పంపేసినప్పుడు అతని వైకల్యం 20 శాతానికి పైనే ఉందని అనుకోవాలంది. ఉద్యోగానికి పనికిరానంత జబ్బు, పెన్షన్‌కి సరిపోనంత చిన్నది ఎలా అవుతుందన్నది దాని వెనకున్న తర్కం.

రెండు మూడు జబ్బులుంటే వాటి శాతాలు మామూలు కూడికలా కలవవని గుర్తుంచుకోవాలి. 30, 20 కలిస్తే 50 అనుకుని మోసపోయామని బాధపడేవాళ్లున్నారు. మొత్తం మీద శరీరం ఎంత దెబ్బతిందో చూసి కాంపోజిట్ అని ఒక అంకె వేస్తారు, అది కూడిక కంటే తక్కువే ఉంటుంది. పైగా అందులో ఒక జబ్బుని ఒప్పుకుని ఇంకోదాన్ని నానా అంటే, పెన్షన్ ఒప్పుకున్నదాని వరకే.

అప్పీలు మెట్లు

పెన్షన్ లేదని లెటర్ వచ్చాక మొదటి మెట్టు మొదటి అప్పీలు, దానికి ఆరు నెలల గడువు. దాన్ని సైన్యం లోపలే ఉండే కమిటీ చూస్తుంది. అక్కడా కాదంటే రెండో అప్పీలు, మళ్లీ ఆరు నెలలు, ఇంకా పై కమిటీ. ఈ రెండు చోట్లా చూసేది కాగితాలే కాబట్టి బోర్డు ఫారం, పాత హాస్పిటల్ రికార్డులు, కమాండింగ్ ఆఫీసర్ రాసినదే అక్కడ మాట్లాడతాయి. పెన్షన్ మంజూరు చేసే అకౌంట్స్ ఆఫీసు మనిషిని చూడకుండానే బోర్డు వేసిన శాతాన్ని తగ్గించేయడం ఒకప్పుడు మామూలుగా జరిగేది, మళ్లీ పరీక్ష చేయకుండా అలా కుదరదని సప్పర్ మొహిందర్ సింగ్ కేసులో 1993లోనే సుప్రీంకోర్టు ఆపింది.

ఆ తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్, అందరూ ఏఎఫ్‌టీ అంటారు. 2007 చట్టంతో వచ్చింది, 2009 ఆగస్టులో పని మొదలుపెట్టింది. అంతకుముందు ఈ కేసులన్నీ హైకోర్టుల్లో పడి మూలిగేవి. లోపలి అప్పీళ్లు వాడుకున్నాకే ఇక్కడికి రావాలని చట్టంలో ఉంది, కానీ అప్పీలు పెట్టి ఆరు నెలలైనా జవాబు రాకపోతే రావచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ చెన్నై ప్రాంతీయ బెంచి పరిధిలోకి వస్తాయి.

ఏఎఫ్‌టీలో ఓడిపోతే దారి మూసుకుపోయినట్టే అని ఎనిమిదేళ్లపాటు చాలామంది అనుకున్నారు. 2015 నాటి ఒక తీర్పు హైకోర్టు తలుపు వేసేసింది, సుప్రీంకోర్టుకి వెళ్లాలంటే ప్రజలందరికీ ముఖ్యమైన న్యాయపరమైన ప్రశ్న ఉండాలన్నది చట్టం. ఊళ్లో ఉండే రిటైర్డ్ నాయక్ నెలకు 4,000 కోసం ఢిల్లీ దాకా ఎలా వెళ్తాడు? 2023 మార్చిలో పరుషోత్తమ్ దాస్ కేసులో సుప్రీంకోర్టే ఆ తలుపు మళ్లీ తెరిచింది, ఏఎఫ్‌టీ తీర్పు మీద హైకోర్టులో రిట్ వేయొచ్చు. ఇది సైనికుడికెంత ఉపయోగమో ప్రభుత్వానికీ అంతే, గెలిచినవాడి మీద కూడా ఇప్పుడు హైకోర్టులో కేసులు పడుతున్నాయి. సైనికుల మీద ప్రభుత్వం ఇలా అప్పీళ్లు వేస్తూ పోవడం తగ్గించాలని 2015లో మనోహర్ పరికర్ వేసిన నిపుణుల కమిటీయే చెప్పింది. ఈ మాట చెప్పింది మాజీ సైనికుల సంఘం కాదు, రక్షణ మంత్రి సొంతంగా వేసిన కమిటీ.

ఆలస్యంగా మేలుకుంటే ఏమవుతుంది

పెన్షన్ ప్రతి నెలా రావాల్సింది కాబట్టి, రానప్పుడు జరిగే తప్పు కూడా ప్రతి నెలా జరుగుతున్నట్టే. అందుకే ఇరవై ఏళ్ల తర్వాత వెళ్లినా కేసుని ఆలస్యమైందని మొదట్లోనే కొట్టేయరు. కానీ బకాయిల దగ్గర దెబ్బ పడుతుంది. తర్సేమ్ సింగ్ 1983లో బయటికొచ్చి 1999లో కోర్టుకెళ్లాడు. హైకోర్టు పదహారేళ్ల బకాయిలిమ్మంది, 2008లో సుప్రీంకోర్టు దాన్ని కేసు వేయడానికి ముందు మూడేళ్లకి తగ్గించింది. మన హవల్దారు లెక్కలో చూస్తే, 2006లో రిటైరై 2024లో కేసు వేసినవాడికి 2021 నుంచే వస్తుంది, ముందున్న పదిహేనేళ్లు పోయినట్టే. ఇంకో విషయం, 2008 నియమాల ప్రకారం డిశ్చార్జ్ అయిన 15 ఏళ్ల తర్వాత అడిగితే సంబంధం ఉందని నిరూపించే బాధ్యత కూడా సైనికుడి మీదికి వస్తుంది.

2023 నియమాలు ఏం మార్చాయి

2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నియమాలు అమల్లోకి వచ్చాయి. ఆ తేదీ తర్వాత బయటికొచ్చేవాళ్లకే ఇవి. ముందే రిటైరైనవాళ్ల పెన్షన్ కోసేస్తారని తిరిగిన పుకారు తప్పు. జబ్బున్నా సర్వీసులో కొనసాగి పూర్తి చేసుకున్నవాళ్లకు ఇచ్చేదాన్ని ఇప్పుడు డిజెబిలిటీ ఎలిమెంట్ అనకుండా ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్ అంటున్నారు.

సైన్యం చెప్పేదేమంటే, యుద్ధంలో, ఉగ్రవాదుల కాల్పుల్లో గాయపడ్డవాళ్లకి దీనితో ఏ నష్టమూ లేదు, జీవనశైలి జబ్బుల పేరుతో దుర్వినియోగం ఆగితే అసలు అవసరమున్నవాళ్లకే మేలు అని. మాజీ సైనికులు చెప్పేదేమంటే, కొద్దిమంది దుర్వినియోగం చేశారని సియాచిన్‌లో గుండె జబ్బు తెచ్చుకున్న జవానునీ అదే గాటన కట్టొద్దు అని. దుర్వినియోగం జరిగిందని నేనూ ఒప్పుకుంటాను. కానీ దాన్ని పట్టుకోవాల్సింది బోర్డు గదిలో, ఒక్కో మనిషి కాగితం మీద కారణం సరిగ్గా రాసి. నియమం బిగిస్తే ముందు ఇబ్బంది పడేది కాగితం నింపడం తెలియని జవానే.

ఇదే తగాదా అమెరికాలోనూ ఉంది. అక్కడ సర్వీస్ కనెక్షన్ అంటారు. తేడా ఏంటంటే, అవునో కాదో సరిసమానంగా ఉన్నా సైనికుడి వైపే తీర్పు చెప్పాలని అక్కడి చట్టంలోనే రాసుకున్నారు, పరిహారం 10 శాతం నుంచే మొదలవుతుంది. పైగా 2022లో పాక్ట్ చట్టం తెచ్చి, విషపు పొగల మధ్య పనిచేసినవాళ్లకి వచ్చే కొన్ని జబ్బుల జాబితా వేసి, వాటికి సంబంధం నిరూపించక్కర్లేదన్నారు. అయినా అక్కడా అప్పీళ్లు ఏళ్ల తరబడి నడుస్తూనే ఉన్నాయి.

అగ్నివీర్‌లకి ఇదే ప్రశ్న

అగ్నివీర్‌గా చేరి నాలుగేళ్లకి తిరిగొచ్చేవాళ్లకి పెన్షన్ లేదు, కాబట్టి డిజెబిలిటీ పెన్షన్ కూడా లేదు. సర్వీసు వల్ల వైకల్యం వస్తే ఒకేసారి ఇచ్చే మొత్తం ఉంది. 100 శాతానికి 44 లక్షలు, 75 శాతానికి 25 లక్షలు, 50 శాతానికి 15 లక్షలు. నెలనెలా వచ్చేది కాదు కాబట్టి బోర్డు వేసే ఒక్క అంకె, రాసే ఒక్క లైను వాళ్లకి ఇంకా బరువైనది. మా పక్క వీధి కుర్రాడొకడు పోయిన నెల సెలవు మీద వచ్చాడు, ట్రైనింగ్‌లో మోకాలు దెబ్బతిందట. ఇంజురీ రిపోర్టు తయారైందా అని అడిగాను. అదేంటి అన్నాడు.